గాట్స్‌బీ తప్పు పెద్ద కల కనడమా?

ప్రశ్న: 'ది గ్రేట్ గాట్స్‌బీ' చదివాక, కలలు పక్కనబెట్టి వాస్తవంలో బతకాలనిపించింది. ఆ నవల చెప్పేది అదేనా?

కానే కాదు. అమెరికన్ రచయిత ఫిట్జ్‌జెరాల్డ్ నవల ఇది, 1925లో అచ్చయింది. పేదింట పుట్టి డబ్బు సంపాదించిన గాట్స్‌బీ, ఒకప్పుడు ప్రేమించిన డైసీని మళ్లీ దక్కించుకోవాలనుకుంటాడు. దీని గురించి ఎవరు మాట్లాడినా డైసీ ఇంటి రేవు చివర వెలిగే పచ్చ దీపం దగ్గరే ఆగిపోతారు. గైడ్లూ అంతే, పచ్చ దీపమంటే అమెరికన్ కల, అంటే కష్టపడితే ఎవరైనా పైకి రావచ్చన్న నమ్మకం అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. ఎం.ఏ.లో నేనూ అదే రాసి మార్కులు తెచ్చుకున్నాను. నవల నాకు నిజంగా పట్టుబడింది చివరి అధ్యాయంలో.

గాట్స్‌బీ చనిపోయాక మిన్నెసోటా నుంచి అతని తండ్రి వస్తాడు. కొడుకు చిన్నప్పటి కౌబాయ్ కథల పుస్తకం జేబులోంచి తీసి చివరి పేజీ చూపిస్తాడు. 1906 సెప్టెంబర్ 12 తేదీతో టైం టేబుల్. ఆరింటికి లేవాలి, డంబెల్స్ ఎత్తాలి, కరెంటు గురించి చదవాలి. కింద తీర్మానాలు: సిగరెట్లు మానాలి, అమ్మానాన్నలతో ఇంకా బాగా ఉండాలి. వారానికి 5 డాలర్లు దాచాలని రాసి, ఆ 5 కొట్టేసి 3 అని దిద్దుకున్నాడు. ఆ కొట్టివేత దగ్గర నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

గ్రూప్స్ ప్రిలిమ్స్ మూడోసారి కూడా పోయాక హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది ఖాళీ చేసి ఊరొచ్చేశాను. నా పుస్తకాల అట్టపెట్టె విప్పుతుంటే నాన్న చేతికి ఒక క్యాలెండర్ కాగితం దొరికింది. దాని వెనక స్కెచ్ పెన్నుతో నా టైం టేబుల్, రోజుకి 14 గంటలు. నాన్న మా మేనమామకి ఒక్కో లైనూ పైకి చదివి వినిపించారు. "చూడు బావా, పొద్దున నాలుగింటికే పాలిటీ అంట." మామయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నాన్న ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

అందులో ఒక్క కొట్టివేత లేదు. మూడేళ్లలో ఆ 14 గంటలు ఒక్కరోజూ కుదరలేదు, అయినా నేను దిద్దలేదు. ఎనిమిదని దిద్దుకుని ఉంటే పాసయ్యేవాణ్ని, నాకా అనుమానం లేదు.

చిన్నప్పుడు 5 కొట్టేసి 3 రాసుకున్న ఆ పిల్లాడే పెద్దయ్యాక డైసీ విషయంలో ఒక్క అంకె మార్చుకోలేకపోయాడు. అయిదేళ్లలో ఆమెకి పెళ్లయింది, పాప పుట్టింది. ఆ పాప ఎదురుగా వచ్చి నిలబడితే, అలాంటి పిల్ల ఉందని అప్పటిదాకా నమ్మనట్టు ఆశ్చర్యంగా చూస్తాడు. గతాన్ని తిరిగి తేలేమని ఈ కథ చెప్పే స్నేహితుడు నిక్ అంటే, ఎందుకు తేలేమంటాడు. నాకు నవలంతటిలో భయం వేసిన చోటు అదే.

దీన్ని ప్రేమకథ అనేవాళ్లని చూస్తే బాధేస్తుంది. అమితాబ్ బచ్చన్ ఉన్నాడని మనవాళ్లు చాలామంది ఈ నవల మీద తీసిన 2013 సినిమా చూశారు. వాళ్లకి గుర్తున్నవి పార్టీలే. ఆ సినిమాలో తండ్రి రానేరాడు. ఆయన లేకపోతే ఆ పిల్లాడు మనకెలా తెలుస్తాడు?

పోయిన సంక్రాంతికి నాన్ననడిగి ఆ కాగితం తెచ్చుకున్నాను. మడతల దగ్గర చిరిగితే వెనక టేపు వేశాను. 14 కొట్టేసి పక్కన 2 అని రాశాను. ఆఫీసు నుంచి వచ్చాక తొమ్మిది నుంచి పదకొండు దాకా, జూనియర్ లెక్చరర్ పరీక్షకి.