హోల్డులో చోటుండగానే లోడింగ్ ఎందుకు ఆపేస్తారు?

డెక్ క్యాడెట్‌గా (ఓడ ఆఫీసర్ శిక్షణకు) చేరబోతున్నానని, స్టోవేజ్ ఫ్యాక్టర్, బ్రోకెన్ స్టోవేజ్, డన్నేజ్ లాంటి మాటలు ఎంత చదివినా బుర్రకెక్కడం లేదని రాశారు. నాకూ మొదటి ఓడ ఎక్కేదాకా ఎక్కలేదు.

ఆ ఓడలో ఇనుప ఖనిజం నింపుతున్నారు. హోల్డులోకి, అంటే సరుకు నింపే గదిలోకి, తొంగి చూస్తే అడుగున కుప్ప, పైనంతా ఖాళీ. సగం కూడా నిండకుండానే చీఫ్ ఆఫీసర్ లోడింగ్ ఆపించారు. "ఇంకా బోలెడంత చోటుంది కదా సార్" అన్నాను. ఆయన నన్ను గట్టు మీదికి దింపి, ఓడ పక్కన ఉన్న లోడ్ లైన్ గుర్తు, అంటే ఓడ ఇంతకన్నా లోతుకు మునగకూడదని చెప్పే గీత, చూపించారు. నీళ్లు దాదాపు దాని దాకా వచ్చేశాయి. చోటు మిగిలింది, మోయగల బరువు అయిపోయింది.

స్టోవేజ్ ఫ్యాక్టర్ అంటే ఇదే: ఒక టన్ను సరుకు పట్టడానికి ఎన్ని ఘనపు మీటర్లు కావాలి అన్న లెక్క. ఇనుప ఖనిజానికి సుమారు 0.4, గోధుమలకు సుమారు 1.3. ఖనిజమైతే మోయగల బరువు ముందు అయిపోతుంది, పత్తి బేళ్లైతే చోటు ముందు నిండిపోతుంది.

బరువంతా అడుగునే చేరితే జీఎం (ఓడ స్థిరత్వాన్ని చెప్పే కొలత) బాగా పెరిగి, ఓడ ఒరిగినంత విసురుగా వెనక్కి లేస్తుంది. దాన్ని స్టిఫ్ అంటారు. సరుకును కట్టి ఉంచే లాషింగుల మీద లాగుడు విపరీతంగా ఉంటుంది. పైన బరువెక్కువైతే టెండర్: మెల్లగా ఒరుగుతుంది, మెల్లగా లేస్తుంది. పడుకున్నవాళ్లకు హాయిగానే ఉంటుంది గానీ, తిరిగి లేచే బలం తక్కువ కాబట్టి నాకు మాత్రం దాంతోనే ఎక్కువ టెన్షన్.

పెట్టెలు, బస్తాలు పేర్చినప్పుడు మధ్యలో, మూలల్లో వృథా అయ్యే చోటు బ్రోకెన్ స్టోవేజ్. 2,000 ఘనపు మీటర్ల హోల్డులో 10 శాతం అలా పోతే మిగిలేది 1,800. ఫ్యాక్టర్ 1.5 అయితే పట్టేది 1,200 టన్నులే. ఇలాంటి సరుకుకు బేల్ కెపాసిటీ, అంటే ఓడ గోడల ఫ్రేముల మధ్య సందులు వదిలేసి లెక్కించిన చోటు, చూడాలి. ఫ్రేముల సందుల్లోకి కూడా జారే గింజల్లాంటి సరుకుకే గ్రెయిన్ కెపాసిటీ.

డన్నేజ్ అంటే సరుకు కింద, పక్కన వేసే చెక్కలు. స్టీల్ కాయిల్ (చుట్టగా చుట్టిన ఉక్కు రేకు) నేల మీద ఆనేది సన్నటి గీత మేరే, కాబట్టి బరువంతా అక్కడే పడుతుంది. ట్యాంక్ టాప్, అంటే హోల్డు నేల, చదరపు మీటరుకు ఎన్ని టన్నులు మోస్తుందో దానికో హద్దుంది. చెక్కలు ఆ బరువును పరుస్తాయి.

స్టీల్ కాయిళ్ల దగ్గరే నేనొక పెద్ద తప్పు చేశాను. చలి ప్రాంతంలో ఎక్కించుకుని వెచ్చని సముద్రాల్లోకి వచ్చాం. హోల్డుకు గాలి తగిలితే మంచిదనుకుని ఎవరినీ అడక్కుండా వెంటిలేటర్లు తెరిచాను. సాయంత్రం దిగి చూస్తే చల్లటి కాయిళ్ల మీద చెమట పట్టినట్టు నీటిబొట్లు. వేలు పెడితే ఎర్రగా తుప్పు అంటింది. దీన్నే కార్గో స్వెట్ అంటారు. గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రతే డ్యూ పాయింట్. బయటి గాలి డ్యూ పాయింట్ హోల్డులోని గాలి డ్యూ పాయింట్ కన్నా తక్కువగా ఉంటేనే తెరవాలి. ఆ తర్వాత రెండు రీడింగులూ లాగ్‌లో రాయనిదే వెంటిలేటర్ ముట్టుకోలేదు.

నికెల్ ఖనిజం లాంటివి ఎక్కిస్తుంటే ఇంకా జాగ్రత్త. తేమ హద్దు దాటితే, ఓడ కుదుపులకు అది బురదలా మారి ఒక పక్కకు జారుతుంది. దీంతో ఓడలు మునిగి మనుషులు పోయారు. క్యాన్ టెస్ట్ నేర్చుకోండి: డబ్బాలో సగం దాకా నమూనా వేసి, 20 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి బల్ల మీద 25 సార్లు కొట్టాలి. పైన తడి తేలితే మళ్లీ ల్యాబ్ పరీక్ష అయ్యేదాకా లోడింగ్ ఆపించాలి. తేలకపోయినా సరుకు భద్రమని అనుకోకూడదు, ల్యాబ్ కాగితం చూడాల్సిందే.

ఓడ ఎక్కిన వారంలోనే కెపాసిటీ ప్లాన్ అడిగి, ఒక్కో హోల్డు బేల్, గ్రెయిన్ అంకెలు, ట్యాంక్ టాప్ హద్దు నోట్‌బుక్‌లో రాసుకోండి. మొదటి లోడింగ్ రోజున అది జేబులో ఉంటే, చీఫ్ ఆఫీసర్ చేసే లెక్క మీరూ పక్కన నిలబడి చేసి చూసుకోవచ్చు.