పరుగులో పడిపోతే ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే ఆసుపత్రి

సమస్య: మా తమ్ముడికి 22 ఏళ్లు. కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేస్తున్నాడు. బరువు తగ్గాలని జెర్కిన్ వేసుకుని పరిగెత్తుతాడు. వారం కిందట ఉదయం ఎనిమిదిన్నరకి మూడో రౌండులో తూలి పడిపోయాడు. లేపబోతే పొంతన లేకుండా మాట్లాడుతూ స్నేహితుల్ని తోసేశాడట. ఒళ్లు కాలిపోతున్నా చెమటలు పడుతున్నాయని, వడదెబ్బ కాదనుకున్నారు. నీడలో పడుకోబెట్టి నిమ్మరసం తాగించి, తర్వాత ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. రెండు రోజులుంచి పంపారు. ఇంకా తొడలు నొప్పులంటున్నాడు. మళ్లీ ఎప్పుడు పరిగెత్తొచ్చు? ఇంకోసారి ఇలా జరిగితే ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, ఖమ్మం

సలహా: మీరు రాసిన లక్షణాలు వడదెబ్బవే. ఎండలకు తట్టుకోలేని వృద్ధుల్లో ఒళ్లు పొడిబారిపోవచ్చు గానీ, శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో చాలాసార్లు చెమట ధారగా కారుతూనే ఉంటుంది. పరుగులో కండరాలు పుట్టించే వేడి బయటికి పోవాలంటే చెమట ఆరాలి. జెర్కిన్ దాన్ని ఆరనివ్వదు. అందుకే పొద్దున పూట కూడా వడదెబ్బ తగులుతుంది. జెర్కిన్‌తో తగ్గేది కొవ్వు కాదు, ఒంట్లో నీరు. నీళ్లు తాగగానే ఆ బరువు తిరిగొచ్చేస్తుంది. దాన్ని ఇవాళే మాన్పించండి.

పరిగెత్తుతూ పడిపోయినవాళ్లకు ముందు ఊపిరి ఆడుతోందో లేదో చూడాలి. ఆడకపోతే వెంటనే సీపీఆర్ (ఛాతీని గట్టిగా నొక్కుతూ గుండెను ఆడించడం). ఊపిరి ఆడుతూ, మాట తడబడినా, మనుషుల్ని పోల్చుకోలేకపోయినా, ఫిట్స్ వచ్చినా వడదెబ్బగానే భావించి పని మొదలుపెట్టాలి. చంకలో థర్మామీటర్ 101 చూపించిందని ఊరుకోవద్దు. పరిగెత్తినవారి చంక, నోరు, నుదురు లోపలి వేడిని సరిగా చెప్పవు. మలద్వారంలో కొలిస్తేనే తెలుస్తుంది. అక్కడ 104 ఫారన్‌హీట్ దాటి, మతి తప్పితే వడదెబ్బే.

ప్రాణాన్ని నిలబెట్టేది మొదటి అరగంట. ఆ లోపు వేడిని 102 దగ్గరికి దించగలిగితే దాదాపు అందరూ బతుకుతారు. అమెరికాలోని ఫాల్మత్ రోడ్ రేస్‌లో 18 ఏళ్లలో 274 మందికి ఇలాంటి వడదెబ్బ తగిలితే, అక్కడికక్కడే చల్లటి నీళ్ల తొట్లలో ఉంచి అందరినీ బతికించారు. మనవాళ్లకు ఆ అరగంట ఆటోలోనే అయిపోతోంది.

ఒకరు 108కి ఫోన్ చేస్తుండగానే మిగతావాళ్లు జెర్కిన్, బూట్లు, సాక్సులు తీసేయాలి. తొట్టి ఉంటే మెడ వరకు నీళ్లలో ఉంచాలి. లేకపోతే టార్పాలిన్ పట్టా చాలు. మధ్యలో పడుకోబెట్టి, ఆరుగురు అంచులు పైకెత్తి పట్టుకుంటే అదే తొట్టి. నూరు, నూటయాభై లీటర్ల నీళ్లు పోసి, చేపల మార్కెట్‌లో దొరికే ఐస్‌గడ్డలు 20–30 కిలోలు పగలగొట్టి వేయాలి. పట్టాను అటూ ఇటూ ఊపుతూ ఉండాలి, నీళ్లు కదలకపోతే ఒంటిని ఆనుకున్న నీరు వేడెక్కిపోతుంది. ఒకరు తల వెనక కూర్చుని, ఛాతీ మీదుగా చంకల కింద తువ్వాలు వేసి పట్టుకోవాలి. ముఖం మునగకూడదు. వాంతి వస్తే ఒంటిని పక్కకు తిప్పాలి.

ఐస్ వచ్చేదాకా ఆగొద్దు, ఉన్న బోరు నీళ్లతోనే మొదలుపెట్టండి. పట్టా కూడా లేకపోతే పైపుతో నీళ్లు కొడుతూ, ఐస్ నీళ్లలో ముంచిన తువ్వాళ్లు తల, ఛాతీ, చేతులు, కాళ్ల మీద కప్పి, రెండు మూడు నిమిషాలకోసారి మార్చాలి. చంకల్లో, గజ్జల్లో ఐస్ ప్యాకెట్లు పెట్టి సరిపెడితే చాలదు. కొలిచే వీలు లేకపోతే 15 నిమిషాలు, లేదా మాట కుదుటపడేదాకా చల్లబరిచి అప్పుడు అంబులెన్స్ ఎక్కించండి. తేరుకున్నా ఆసుపత్రికి వెళ్లి తీరాలి.

కాలే ఒంటి మీద చన్నీళ్లు పోస్తే గుండె ఆగుతుందని, పక్షవాతం వస్తుందని పెద్దవాళ్లు అడ్డుపడతారు. ఆరోగ్యంగా ఉండి పరుగులో పడిపోయిన కుర్రాళ్ల విషయంలో ఆ భయం పెట్టుకోవద్దు. వణుకు వచ్చినా ఫర్వాలేదు. (వృద్ధులకైతే ఐస్‌లో ముంచే బదులు, ఒంటిపై నీళ్లు చల్లి ఫ్యాను గాలి తగిలేలా చూడాలి.)

మతి లేనివాళ్ల నోట్లో నిమ్మరసం పోయడం మాత్రం నిజంగా ప్రమాదం, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పారాసిటమాల్ వల్లా ఉపయోగం లేదు. జ్వరంలో వేడి పెంచమని చెప్పేది మెదడే కాబట్టి మాత్ర పనిచేస్తుంది. వడదెబ్బలో అలా కాదు, పైగా కాలేయం అప్పటికే దెబ్బతిని ఉండొచ్చు.

ఇక తొడల నొప్పిని తేలిగ్గా తీసుకోవద్దు. కండరాలు చితికి, అందులోని పదార్థాలు రక్తంలో కలిస్తే కిడ్నీలు దెబ్బతింటాయి. సీపీకే (కండరాలు ఎంత చితికాయో చెప్పేది), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం, కాలేయ పరీక్షలు రేపే చేయించండి. మూత్రం డికాక్షన్ రంగులో వస్తున్నా, బాగా తగ్గినా ఇవాళే ఆసుపత్రికి వెళ్లండి. నొప్పికి డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వేయొద్దు, అవి కిడ్నీల మీద ఇంకా భారం వేస్తాయి.

ఆసుపత్రి నుంచి వచ్చాక కనీసం వారం రోజులు సాధన వద్దు. రక్త పరీక్షలు మామూలుగా వచ్చి, డాక్టర్ సరేనన్నాక చల్లపూట నడకతో మొదలుపెట్టాలి. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది కాబట్టి దూరం, వేగం ఆ రెండు వారాల్లో కొద్దికొద్దిగా పెంచాలి. జ్వరం, విరేచనాలు ఉన్నరోజు, రాత్రి నిద్ర లేనిరోజు, జలుబు మాత్ర వేసుకున్నరోజు పరుగు మానేయాలి. ఆ గ్రౌండ్‌లో సాధన చేసేవాళ్లంతా కలిసి ఓ పట్టా, రెండు డ్రమ్ముల నీళ్లు, దగ్గర్లో ఐస్ దొరికే చోటు ఫోన్ నంబరు సిద్ధంగా ఉంచుకోండి.