మద్రాసు వీధుల్లో చెట్టిగారు ఎటు పోయారు?

"మీ ఊళ్లో వీధుల పేర్ల వెనక చరిత్ర ఎలా తెలుసుకుంటారు? తెలుసుకున్నది నలుగురికీ ఎలా చెబుతారు?" అని ప్రశ్న. లైబ్రరీకి వెళ్లండి, పాత మ్యాపులు చూడండి అని నాకంటే ముందు రాసినవాళ్లు చెప్పేశారు. తప్పేం కాదు. ఎగ్మోర్‌లో తమిళనాడు ఆర్కైవ్స్ ఉంది, 1896 నాటి కన్నెమరా లైబ్రరీ ఉంది, గవర్నర్ థామస్ పిట్ హయాంలో తయారైన మద్రాసు మ్యాపు ఉంది. కానీ తాతల నాటి నుంచి ఈ ఊళ్లో ఉంటున్నవాళ్లం కాబట్టి ఖాయంగా చెబుతున్నాను, అసలు సంగతి దొరికేది ట్రంకు పెట్టెల్లో, కొట్ల అటకల మీద. పాత దస్తావేజులు, శుభలేఖలు, కరెంటు బిల్లులు, కిరాణా రసీదులు. వీధి పేరు ఎప్పుడు మారిందో, జనం ఏమని పిలిచారో వాటికి తెలిసినంతగా ఏ చరిత్రకారుడికీ తెలియదు.

మా మేనత్తకు జార్జిటౌన్‌లో పాత ఇల్లు ఉంది. మామయ్య పోయాక పేరు మార్పించుకోవాలని కాగితాలన్నీ నా చేతిలో పెట్టింది. 1950ల నాటి దస్తావేజులో వీధి పేరు చివర 'చెట్టి' ఉంది. అత్తయ్య ఆధార్ కార్డులో లేదు. ఇంటి నంబరు సంగతి ఇంకా ఘోరం. దస్తావేజులో ఒకటి, పన్ను రసీదులో ఒకటి, గోడ మీద పాత నంబరు, కొత్త నంబరు అని రెండు. చెన్నైలో ఈ పాత, కొత్త నంబర్ల గొడవ తెలియనివాళ్లు అదృష్టవంతులు. మా అత్తయ్య వాళ్ల పాత నంబరే ఎదురింటివాళ్ల కొత్త నంబరు. ఆవిడ మందుల పార్సిళ్లు వాళ్లింటికి, వాళ్ల చీరల పార్సిళ్లు ఆవిడింటికి వస్తుంటాయి. అదో కథ, వదిలేయండి.

ఆఫీసులో గుమస్తా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కాసేపు చూసి, "ఇదు వేర తెరు సార్" అన్నాడు. ఇది వేరే వీధట! పెళ్లై వచ్చిన దగ్గర్నుంచీ అత్తయ్య ఆ గుమ్మం దాటి ఎక్కడా కాపురం పెట్టలేదు. ఒకే వీధేనయ్యా, ప్రభుత్వమే చివరి మాట తీసేసింది అంటే, ప్రూఫ్ ఉందా అన్నాడు. తోక కోసింది సర్కారు, కోసినట్టు సాక్ష్యం తెచ్చుకోవాల్సింది మా అత్తయ్య!

తెలియనివాళ్లకు చిన్న మాట. 1970ల చివర ఎం.జి.ఆర్. ప్రభుత్వం వీధుల పేర్లలోంచి కులం పేర్లు తీసేయాలని నిర్ణయించింది. ఉద్దేశంతో నాకు పేచీ లేదు. కొత్తగా పెట్టే పేర్లలో కులం ఉండకూడదనే నేనూ అంటాను. కానీ అమలు చేసిన తీరు చూడండి. టీ నగర్‌లో జి.ఎన్. చెట్టి రోడ్డు జి.ఎన్. రోడ్డు అయింది. ఆ జి.ఎన్. అంటే గోపతి నారాయణస్వామి అని ఈ రోజు ఆ రోడ్డు మీద ఎవర్ని అడిగినా చెప్పలేరు, పందెం. జస్టిస్ పార్టీ పెట్టినవాళ్లలో ఒకరైన డాక్టర్ టి.ఎం. నాయర్ పేరు మీదున్న రోడ్డు ఉత్త 'డాక్టర్ రోడ్డు' అయిందని మద్రాసులో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. ఏ డాక్టరు? పళ్ల డాక్టరా, కళ్ల డాక్టరా? ఇంతా చేస్తే కులం పోయిందా? పెళ్లి సంబంధాల దగ్గర ఎక్కడుందో అక్కడే ఉంది. మనిషి మాత్రం పోయాడు.

సరే, సాక్ష్యం. అత్తయ్య వాళ్ల వీధి మలుపులో లెక్కల పుస్తకాలు, కవర్లు, దస్తాల కొద్దీ కాగితాలు అమ్మే పాత కొట్టు ఉంది. యజమాని పెద్దాయన, కోమట్లు. పూర్వీకులు నెల్లూరు వైపు నుంచి వచ్చారట. తెలుగు మాట్లాడితే సగం తమిళం దొర్లుతుంది గానీ లెక్క మాత్రం ఇప్పటికీ తెలుగులోనే వేస్తాడు. విషయం చెప్పగానే కుర్రాణ్ని అటక ఎక్కించాడు. దుమ్ము కొట్టుకున్న బిల్లు పుస్తకాలు దిగాయి. గల్లాపెట్టె పక్కన జాగా చేసి ఒక్కొక్కటే పరిచాడు.

వాళ్ల తాతగారి నాటి బిల్లులో వీధి పేరు నిండుగా, చెట్టితో సహా ఉంది. కింద ఊరు 'మద్రాసు-1'. అంటే పిన్‌కోడ్ రాకముందుది, 1972కి ముందు. ఇంకో పుస్తకంలో 'మద్రాసు-600001', వీధి పేరులో చెట్టి లేదు. అన్నిటికంటే కొత్తదానిలో 'చెన్నై', అంటే 1996 తర్వాత అచ్చయింది. ఫోన్ నంబరు కూడా పుస్తకం పుస్తకానికీ ఒక్కో అంకె పెరుగుతూ వచ్చింది. తారీఖు చిరిగిపోయినా బిల్లు వయసు చెప్పేయొచ్చని నాకు అప్పుడే తెలిసింది. మ్యాపుల కంటే రసీదులు మేలని నేననేది ఇందుకే.

అసలు నిధి వాటి మధ్యలో ఉంది. కులం పేర్లు తీసేయమన్న ప్రభుత్వ ఆర్డరు వచ్చేనాటికి కొట్టాయన నాన్నగారు బిల్లు పుస్తకాలు బోలెడు అచ్చు వేయించి పెట్టుకున్నారట. పారేయడానికి మనసొప్పలేదు. కూర్చుని, ప్రతి కాగితం మీదా 'చెట్టి' అన్న మాటను నల్ల సిరాతో అడ్డంగా కొట్టేశారు. గీత గీతకీ పక్కన పొట్టి సంతకం! "మా నాయన దగ్గర గుండుసూది కూడా వేస్టు కాదు బాబూ" అన్నాడు పెద్దాయన నవ్వుతూ. కొట్టేసిన చెట్టి, కింద అదే నంబరు, అదే కొట్టు, తారీఖు. ఇంతకంటే ఏం కావాలి?

గుమస్తా ఆ కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు, తిప్పి చూశాడు, పక్క సీటాయనకు చూపించాడు. చివరికి, జిరాక్స్ తీయించి గెజిటెడ్ సంతకం పెట్టించుకు రమ్మన్నాడు. ఆ సంతకం కోసం పడ్డ తిప్పలు రాస్తే ఇంకో జవాబు అవుతుంది. పనైతే అయింది.

ఇంతకీ ఆ చెట్టిగారు ఎవరు? కొట్టాయన లెక్కలో ఈస్టిండియా కంపెనీ వాళ్ల దుబాషీ, అంటే దొరలకూ మనవాళ్లకూ మధ్య మాట, బేరం నడిపేవాడు. పక్కన పూలమ్మే అమ్మ లెక్కలో ఉప్పు వ్యాపారి, గుడికి భూమి ఇచ్చాడు. రెండూ నేను నమ్మను. నోటిమాటగా వచ్చే కథల సంగతి మద్రాసులో ఉన్నవాళ్లకు బాగా తెలుసు. ఇక్కడ కాలువ మీద హామిల్టన్ వంతెన ఉండేది. జనం నోట్లో అది అంబట్టన్ వంతెన అయింది. తమిళంలో అంబట్టన్ అంటే మంగలి. దాన్ని మళ్లీ ఎవరో ఇంగ్లీషులో బార్బర్స్ బ్రిడ్జి చేసేశారు. ఇప్పుడు అంబేడ్కర్ వంతెన. దొరగారు మంగలి అయి, మంగలి అంబేడ్కర్ అయ్యాడు. మింట్ స్ట్రీట్‌ను తమిళంలో తంగసాలై అంటే, బంగారు బాట అని చెబుతూ ఒక కుర్రాడు వీడియో తీశాడు, లక్షల మంది చూశారు. నాణేలు ముద్రించే చోటు నాయనా, మన టంకసాల! వాల్ టాక్స్ రోడ్డు ఇంకా తమాషా. ఫ్రెంచివాళ్ల ముట్టడి తర్వాత ఊరి చుట్టూ గోడ కట్టి, ఆ ఖర్చు జనం దగ్గర పన్నుగా రాబట్టాలనుకున్నారు. పన్ను వసూలు కానే లేదు, గోడా దాదాపు పోయింది, పన్ను పేరుతో రోడ్డు మిగిలింది.

ఇక నలుగురికీ చెప్పడం గురించి. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఆ కొట్టేసిన బిల్లు ఫొటో పెట్టాను. అరగంటలో ఆ చెట్టిగారు మనవాడంటే మనవాడని రెండు వర్గాలు కొట్టుకున్నాయి. బిల్లు చదివినవాడు ఒక్కడూ లేడు. మధ్యలో ఒక బాబాయి "చెన్నై అంతా తెలుగువాళ్లదే" అనే ఫార్వర్డు పడేశాడు. 1639లో ఇంగ్లీషువాళ్లకు స్థలం ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడే, ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే ఊరికి ఆ పేరొచ్చిందంటారు. ఒప్పుకుంటాను. కానీ అదొక్కటే పట్టుకుని మీసం మెలేసేవాళ్లకు వాళ్లు రోజూ నడిచే వీధి గురించి ముక్క తెలియదు. జార్జిటౌన్‌లో సగభాగం పెద్దనాయకన్ పేట. ఊరికి కాపలా కాసే దళానికి పెద్ద అయిన పెద్ద నాయకుడి పేరు అది. కోరల్ మర్చంట్ స్ట్రీట్ యూదు వర్తకులది. మధ్యధరా సముద్రం పగడాలు ఇక్కడ దిగేవి, మన గోల్కొండ వజ్రాలు ఇక్కణ్నుంచి ఎక్కేవి. త్యాగయ్య మద్రాసు వచ్చినప్పుడు దిగింది బందరు వీధిలో, కోవూరు సుందర ముదలియార్ ఇంట్లో. టీ నగర్ అంటే చీరలే గుర్తొచ్చేవాళ్లకు అందులో 'టీ' త్యాగరాయ చెట్టి అనీ, ఆయన తెలుగు దేవాంగుల బిడ్డ అనీ, 1920లో థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టించింది ఆయనే అనీ చెబితే నోరు తెరుస్తారు.

హోల్‌సేల్ సరుకు కోసం జార్జిటౌన్‌లోని ప్యారీస్ కార్నర్‌కు వచ్చే మనవాళ్లు బ్రాడ్వే మీదుగా వెళ్తారు. అట్టపళ్ళం అనే మురికి పల్లాన్ని పూడ్చి ఆ దారి వేసింది పోఫం అనే లాయరు. ఇప్పుడు దాని పేరు ప్రకాశం సాలై. మన టంగుటూరి ప్రకాశమే! 1928 ఫిబ్రవరి 3న, సైమన్ కమిషన్ బహిష్కరణ రోజున, ఆయన తుపాకులకు గుండె చూపించింది ఆ చుట్టుపక్కలే. బోర్డు ఉందా అంటే ఉంది. దాని మీద ట్యూషన్ సెంటర్ పోస్టరు, దాని మీద పైల్స్ వైద్యం పోస్టరు. చదివేదెవరు?

అందుకే నేను పాటించే పద్ధతి ఇది. ఊరి మొత్తం కథ చెప్పను. ఒక్క వీధి, ఒక్క కాగితం, దాని ఫొటో. ఎవరి దగ్గర దొరికిందో వాళ్లు చెప్పమంటేనే చెబుతాను, ఇంటి నంబరు మీద వేలు పెట్టి మూస్తాను. నోటిమాట అయితే నోటిమాటే అని పక్కన రాస్తాను. గ్రూపుల్లో పెట్టడం మానేశాను. కలర్ జిరాక్సులు తీయించి ఆ వీధిలో టీ కొట్టుకీ, ఇస్త్రీ బండికీ ఇస్తున్నాను. అక్కడ చదువుతారు, గొడవా పడరు, పైగా "మా ఇంట్లో కూడా ఇట్లాంటిది ఉంది" అని ఎవరో ఒకరు తెస్తారు.

మీలో ఎవరి ఇళ్లలోనైనా తంబు చెట్టి, లింగి చెట్టి, గోవిందప్ప నాయకన్ వీధుల పాత బిల్లులు, శుభలేఖలు, కవర్లు ఉంటే పాతసామాన్ల వాడికి వేయకుండా ఫొటో తీసి కింద కామెంట్లో పెట్టండి. 'మద్రాసు-1' అని ఉంటే మరీ మంచిది. సిరాతో కొట్టేసినవి కనబడితే రెండు వైపులా తీయండి, వెనక లెక్కలు కూడా పనికొస్తాయి.