అతుకు పక్కనే మళ్లీ తుప్పు ఎందుకు పడుతోంది?

కళింగపట్నంలోని మీ ఇంటి వరండా బీముకు పెచ్చులూడిన చోట సిమెంటు పూయిస్తే, ఏడాది తిరగకుండానే ఆ అతుకు పక్కన తుప్పు మరక దిగిందని రాశారు. ఇందులో మేస్త్రీ తప్పు కొంతే. కాంక్రీటులోని క్షారగుణం వల్ల లోపలి ఇనుప చువ్వపై ఏర్పడే పలుచని రక్షణ పొరను ఉప్పుగాలితో చేరిన క్లోరైడ్లు ఛేదిస్తాయి. కొత్త సిమెంటులోని చువ్వ భాగం తుప్పు పట్టని ధ్రువమైన కాథోడ్‌గా మారితే, ఉప్పు నిండిన పాత కాంక్రీటులోని పక్క భాగం ఇనుము కరిగిపోయే ధ్రువమైన ఆనోడ్‌గా మరింత వేగంగా తుప్పు పడుతుంది.

కాబట్టి ముందు బీము కింద జాకీలు నిలబెట్టించి, సుత్తితో తట్టి చూసి, బోలుగా మోగినంత మేరకే ఆగకుండా, చువ్వ వెనక కూడా సుమారు 20 మి.మీ. చెక్కించండి. చువ్వ మీది గుంటల్లోని తుప్పు పోయేదాకా గీకించి, మంచినీటితో కడిగించి, సన్నబడిన చువ్వకు జతగా కొత్తది కట్టించాకే పాలిమర్ మోర్టారు (పాలిమర్ కలిపిన సిమెంటు, ఇసుక మిశ్రమం) వేయించాలి. పైపైన రంగు వేయడం శుద్ధ దండగ. మిగిలిన కాంక్రీటు నుంచి డ్రిల్లుతో పొడి తీయించి క్లోరైడ్ పరీక్ష చేయిస్తే, ఎంతవరకు చెక్కాలో తేలుతుంది.