సర్పంచ్‌గా గెలిచిన మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

నువ్వు మన ఊరి సర్పంచ్‌గా గెలిచావని తెలిసిన నాటి నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటున్నాను. నిధులు, తీర్మానాలు, లెక్కల సంగతి పంచాయతీ కార్యదర్శి నేర్పుతాడు. జనం మాట వినడం మాత్రం ఎవరూ నేర్పరు. దాన్ని నేను ఆలస్యంగా, ఊరి సొమ్ము పోగొట్టి నేర్చుకున్నాను.

నేను సర్పంచ్‌గా ఉన్నప్పుడు ఒక గ్రామసభలో కాలనీ నుంచి వచ్చిన పెద్దామె లేచి, "మాకు నీళ్లు అందుతలేవు సారూ" అన్నది. ఆమె ఇంకా ఏదో చెప్పబోతుండగానే నేను మైకు అందుకుని కొత్త బోరు వేయిస్తానని మాట ఇచ్చాను. అందరూ చప్పట్లు కొట్టారు. బోరు వేయించాం, నీళ్లూ పడ్డాయి. రెండు నెలల తర్వాత ఒక ఉదయం ఆ వీధిలో నడుస్తుంటే ఇళ్లన్నిటికీ తాళాలు, అరుగుల మీద బోర్లించిన బిందెలు, విప్పి వదిలేసిన నల్లా నుంచి మోరీలోకి పారుతున్న నీళ్లు కనిపించాయి. అవి నాట్ల రోజులు. ఆడవాళ్లంతా ఆరున్నరకే ఆటో ఎక్కి కూలికి పోతుంటే మేము తొమ్మిదింటికి నీళ్లు వదులుతున్నాం. ఆమె ఆనాడు చెప్పబోయింది అదే. వాల్వు తిప్పే మనిషిని ఐదింటికి రమ్మంటే తీరిపోయే కష్టానికి నేను బోరు తవ్వించాను.

అందుకే చెబుతున్నాను, ఎవరైనా మొదట చెప్పేది కష్టం మాత్రమే, కారణం ఆ తర్వాతి మాటల్లో వస్తుంది. అంతవరకూ హామీ ఇవ్వకు. ఏ పూట, ఎప్పటి నుంచి, ఎవరెవరి ఇళ్లకు అని అడిగి ఊరుకో. "తాగునీటి సమస్యపై చర్చించడమైనది" అని పుస్తకంలో రాయించకుండా, ఆ మనిషి అన్న మాటను అన్నట్టే రాయించు. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి కనుక, ప్రతి సభనూ కిందటిసారి రాసుకున్న మాటలు చదివి, వాటిలో ఏది అయిందో ఏది కాలేదో చెప్పడంతోనే మొదలుపెట్టు.

సభలో నోరు విప్పని వాళ్లే ఎక్కువ, ముఖ్యంగా ఆడవాళ్లు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరుగుబాటుకు ఊపిరి పోసింది అధికారుల సభలు కావు. పగలంతా కష్టపడి వచ్చిన ఆడవాళ్లు రాత్రి అక్షరాస్యత తరగతుల్లో కూర్చుని తమ ఇళ్లలో జరిగేది ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆ మాటలే పెరిగి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం తెచ్చాయి. నువ్వు కూడా మహిళా సంఘం కూర్చునే చోటికి వెళ్లి కింద చాప మీద కూర్చో. అక్కడ వినిపించేది పంచాయతీ ఆఫీసులో వినిపించదు.

ఇంకొక మాట, నొచ్చుకోకు. అల్లుడు మంచివాడే, నీ మేలు కోరేవాడే. అయినా నీ కోసం వచ్చిన వాళ్లతో అతను మాట్లాడి పంపిస్తుంటే వాళ్ల మాట నీకు సగమే చేరుతుంది. జనం గెలిపించింది నిన్ను, వాళ్లు చెప్పుకోవలసింది నీకే. ఈ విషయం అతనికి ఇప్పుడే నెమ్మదిగా చెప్పు.

ఆ పెద్దామె ఇప్పుడు లేదు. కోడలు అదే ఇంట్లో ఉంటూ కూలికి పోతున్నది. ఈ వారంలోనే ఒకసారి, ఆరు గంటల లోపు, ఆ వీధికి వెళ్లి రా.

ఇట్లు,
నీ పెదనాన్న