గిలటిన్ దగ్గర మొదలుపెట్టకు

తమ్ముడూ,

ఫ్రెంచి విప్లవం మీద నువ్వు రాసిన చిత్తుప్రతి చదివాను. మొదటి పేజీలోనే గిలటిన్, అదే తల నరికే యంత్రం, దాని కత్తి దిగిపోయింది. అంత తొందరగా నెత్తురు చూపిస్తే పాఠకుడికి ఒళ్లు జలదరిస్తుంది గానీ, ఆ కత్తి కింద పడ్డ మనిషి అక్కడిదాకా ఎలా వచ్చాడో తెలుసుకునే ఓపిక పోతుంది. కత్తిని వెనక్కి జరిపి, ముందు కాగితాలు పట్టుకో.

ముఖ్యంగా మూడు కాగితాలు. 1793 మార్చి 10న పారిస్‌లో విప్లవ న్యాయస్థానం పెట్టారు. సెప్టెంబరు 17న అనుమానితుల చట్టం తెచ్చారు. 1794 జూన్ 10న, అంటే విప్లవ క్యాలెండరులో ప్రెయిరియల్ నెల 22న, ఇంకో చట్టం వచ్చింది. ఒక్కోసారీ ముద్దాయి చేతిలోంచి ఏం లాక్కున్నారో రాసుకో. మొదట అప్పీలు పోయింది. తర్వాత, నేరం చేసి ఉండాలన్న నియమమే పోయింది: నడవడి, పరిచయాలు, మాట, రాత, వీటిలో ఏది చూసి శత్రువనుకున్నా జైల్లో పెట్టవచ్చు. ప్రెయిరియల్ చట్టంతో న్యాయవాదీ పోయాడు. నైతిక రుజువు, అంటే మనసుకు కలిగిన నమ్మకం, ఉన్నా చాలన్నారు. తీర్పులు రెండే మిగిలాయి, విడుదల లేదా మరణం. నీ రచనకు మెట్లు ఇవే. ఒక్కోదాని మీద ఆగి ఊపిరి పీల్చుకో.

"అప్పుడు యుద్ధం ఉంది కదా, ఆ చంపడాలు తప్పలేదు" అన్న వాదాన్ని నువ్వు ఒక్క వాక్యంలో కొట్టేశావు. అది అన్యాయం. ప్రమాదం నిజమే. 1793 మార్చిలో, సైన్యంలోకి బలవంతంగా మనుషుల్ని తీసుకోబోతే పశ్చిమాన వాందే ప్రాంతపు రైతులు తిరగబడ్డారు. లియోన్ నగరం ఎదురు తిరిగింది. ఆగస్టులో తూలోన్ రేవు బ్రిటిష్ నౌకాదళం చేతికి వెళ్లింది. ఈ భయం పాఠకుడికీ పట్టుకోవాలి. లేకపోతే నీ పుస్తకంలో ఉండేది మనుషులు కాదు, బొమ్మలు.

భయాన్ని చూపించాక, తేదీలతో పరీక్షించు. పేజీని నిలువుగా రెండు గళ్లు చేసి ఎడమవైపు ప్రమాదాలు, కుడివైపు మరణశిక్షలు వెయ్యి. 1793 డిసెంబరు ముగిసేలోగా లియోన్, తూలోన్ రెండూ తిరిగొచ్చాయి, వాందే ప్రధాన సైన్యం చెదిరిపోయింది. 1794 జూన్ 26న ఫ్లూరూస్ దగ్గర విప్లవ సైన్యం గెలిచింది. ఇప్పుడు కుడి గడి చూడు. పారిస్‌లో మొదటి పదిహేను నెలల్లో చంపింది దాదాపు 1,250 మందిని. ప్రెయిరియల్ చట్టం వచ్చాక ఏడు వారాల్లో 1,370 మందికి పైగా. నువ్వు రాయాల్సింది ఇక్కడుంది.

పారిస్ లెక్కను దేశమంతటికీ అంటగట్టవద్దు. దేశం మొత్తం మీద నమోదైన మరణశిక్షలు 16,594. అందులో పారిస్‌వి సుమారు 2,600. ఎక్కువ భాగం తిరుగుబాటు జరిగిన ప్రాంతాల్లోనివి, కాబట్టి అక్కడ యుద్ధం వాదానికి కొంత బలం ఉంది, ఒప్పుకో. అలాగే నాంత్ నగరంలో విచారణ లేకుండా లువార్ నదిలో ముంచేసిన జనం, జైళ్లలో జబ్బుతో పోయినవాళ్లు ఆ అంకెలో లేరని కూడా చెప్పు. ఇంకో సంగతి, గిలటిన్‌కు తీసుకెళ్లే నీ బండ్ల నిండా పట్టుబట్టల ప్రభువులే కనిపించారు. శిక్ష పడ్డవాళ్లలో ఎక్కువమంది రైతులు, చేతిపనివాళ్లు, మామూలు జనం.

మాటలు తూచి వాడు. "విప్లవ న్యాయం", "ప్రజాశత్రువు" అన్నవి వాళ్ల మాటలు, అవి నీ కథనంలోకి జారకూడదు. వాళ్లవని తెలిసేటట్టు కొటేషన్లలో ఉంచు. చావుకు ప్రభుత్వం పెట్టే పేరు ఎంత పని చేస్తుందో, "ఎదురుకాల్పులు" అన్న మాటను పేపర్లలో చదువుతూ పెరిగిన తెలుగువాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు.

విప్లవ న్యాయస్థానం కావాలని గట్టిగా వాదించిన విప్లవ నాయకుడు దాంతోన్‌ను 1794 ఏప్రిల్ 5న ఆ న్యాయస్థానమే చంపించింది. దీన్ని విధి వింతగా రాయాలనిపిస్తుంది. వద్దు. శత్రువెవరో హద్దు గీయని చట్టం ఎవరిమీదికైనా వస్తుంది, ఇందులో విధి చేసిందేమీ లేదు.

రెండో ప్రతికి 1794 జూన్ 17 తీసుకో. ఆ రోజు 54 మందికి, తండ్రిని చంపినవాళ్లకు వేసే ఎర్రచొక్కాలు తొడిగి తీసుకెళ్లారు. చాలామందికి ఒకరి మొహం ఒకరికి తెలియదు, అయినా అందరిదీ ఒకే కుట్ర కేసు. ప్రాసిక్యూటర్ ఫూకియే-తాంవీల్ బల్ల దగ్గర ఆ పేర్లు ఒకే జాబితాలోకి ఎలా చేరాయో ఒక అధ్యాయం రాసి పంపు. చదివి రాస్తాను.