కొత్త ఫోన్ కొంటే పాత ప్లాన్ వదులుకోవాలా?

ప్రశ్న: మాది గాజువాక. నాన్నగారు స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. ఆయన నంబరు చాలా ఏళ్లుగా ఒకే పోస్ట్‌పెయిడ్ ప్లాన్‌లో ఉంది, పన్నులు కాక నెలకు 399 రూపాయలు. రెండు నెలల క్రితం ద్వారకానగర్‌లో ఒక షాపులో ఆయనకు 5జీ ఫోన్ కొన్నాం. 'దీంట్లో పాత ప్లాన్ పనిచేయదు సార్, 5జీ ప్లాన్‌కి మారాల్సిందే' అని కౌంటర్‌లో అబ్బాయి చెప్పి, నాన్నగారికి వచ్చిన ఓటీపీ అడిగి తీసుకున్నాడు. ఇప్పుడు బిల్లు పన్నులు కాక 749 వస్తోంది. కస్టమర్ కేర్‌ని అడిగితే 'పాత ప్లాన్ క్లోజ్ అయింది, వెనక్కి ఇవ్వలేం' అంటున్నారు. షాపువాళ్లు 'ఓటీపీ మీరే చెప్పారుగా' అంటున్నారు. నాన్నగారేమో 'నాదే పొరపాటు, వదిలెయ్యరా' అంటున్నారు. ఏదైనా దారి ఉందా? వేరే కంపెనీకి పోర్ట్ అయిపోతే మేలా?

జవాబు: ముందు మీ నాన్నగారికి చెప్పండి, పొరపాటు ఆయనది కాదు. ఇలాంటి ఫిర్యాదులతో మా ఆఫీసుకి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది 'నేనే ఓటీపీ చెప్పాను' అని తల దించుకుంటారు. అది చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. అబద్ధం చెప్పి తీసుకున్న ఓటీపీ వేరు, అన్నీ తెలిసి ఇచ్చిన సమ్మతి వేరు. మీ కేసంతా ఈ తేడా మీదే నిలబడుతుంది.

షాపులో చెప్పిన మాటలో నిజమెంతో చూద్దాం. ప్లాన్ అనేది మీ నంబరుకీ టెలికం కంపెనీకీ మధ్య ఉన్న ఒప్పందం. ఫోన్ మీకూ షాపుకీ మధ్య జరిగిన అమ్మకం. ఒకటి మారితే రెండోది మారాలన్న నియమం ఏదీ లేదు. పాత సిమ్ తీసి 5జీ ఫోన్‌లో వేస్తే కాల్స్, 4జీ డేటా మునుపటిలాగే వస్తాయి. కొన్ని పాత, చవక ప్లాన్లకు కంపెనీలు 5జీ డేటా ఇవ్వడం లేదన్నది మాత్రం నిజం. అంటే 'పాత ప్లాన్‌లో 5జీ స్పీడు రాకపోవచ్చు' అని ఉంటే అది సరైన సమాచారం. 'ఈ ఫోన్‌లో పాత ప్లాన్ పనిచేయదు' అనడం అబద్ధం.

ఈ రకం అబద్ధానికి చట్టంలో పేరుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, సెక్షన్ 2(47): ఒక వస్తువు గానీ సేవ గానీ మీకు అవసరమని తప్పుడు మాట చెప్పి అంటగట్టడం అనుచిత వ్యాపార పద్ధతి. 'ఈ ప్లాన్ తీసుకుంటేనే ఫోన్ అమ్ముతాం' అని కూడా అని ఉంటే సెక్షన్ 2(41) కింద అది నిర్బంధ వ్యాపార పద్ధతి. ఆ రోజు అచ్చంగా ఏ మాట అన్నారో మీరూ నాన్నగారూ కూర్చుని గుర్తు చేసుకుని, తేదీ వేసి కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆర్నెల్లు పోతే ఆ మాటలు గుర్తుండవు.

ఓటీపీ సంగతికి వద్దాం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 19 ప్రకారం, తప్పుడు సమాచారం వల్ల ఇచ్చిన సమ్మతితో ఏర్పడిన ఒప్పందాన్ని మోసపోయినవారు రద్దు చేసుకోవచ్చు. కానీ అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలు మీకు ఉండి ఉంటే రద్దు కుదరదు. కంపెనీ లాయరు కచ్చితంగా దీన్నే పట్టుకుంటారు. 'ప్లాన్ వివరాలతో ఎస్ఎంఎస్ పంపాం కదా, ఎందుకు చదవలేదు?' అంటారు. ఆ ఎస్ఎంఎస్‌లో కొత్త ప్లాన్ ధర ఉంటుంది గానీ, పాత ప్లాన్ కొత్త ఫోన్‌లో పనిచేస్తుందన్న నిజం ఉండదు. మీ నాన్నగారు నమ్మిన అబద్ధం ధర గురించి కాదు. పైగా అబద్ధమని తెలిసే చెప్పినట్టు తేలితే అది మోసం కిందికి వస్తుంది, అప్పుడు ఈ మినహాయింపు వాళ్లకి అక్కరకు రాదు.

'షాపుతో మాకు సంబంధం లేదు' అని కంపెనీ రేపు అనవచ్చు. ప్లాన్ మార్చే అధికారం, లాగిన్ ఆ షాపుకి ఇచ్చింది కంపెనీయే. కంపెనీ పని చేసిపెడుతూ ఏజెంటు చెప్పిన అబద్ధం, కంపెనీ స్వయంగా చెప్పినట్టే లెక్క అంటుంది కాంట్రాక్టు చట్టం సెక్షన్ 238. అందుకే ఫిర్యాదులో షాపునీ కంపెనీనీ ఇద్దరినీ చేర్చండి.

ఇక మీకు నచ్చని సంగతి ఒకటి చెప్పాలి. పాత ప్లాన్ జీవితాంతం అదే ధరకి ఉండాలని అడిగే హక్కు చట్టం ఇవ్వదు. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇచ్చిన టారిఫ్ ఉత్తర్వు ప్రకారం, ప్లాన్‌లో చేరిన రోజు నుంచి ఆరు నెలల పాటు మాత్రమే అది మీకు ఖాయం. ఆ తర్వాత కంపెనీ ముందుగా తెలియజేసి ధర పెంచవచ్చు, ప్లాన్ ఎత్తేయవచ్చు. నాన్నగారు ఆ ఆరు నెలలు ఎప్పుడో దాటేశారు. కానీ వాళ్లు అలా ఎత్తేశారా? 'క్లోజ్ అయింది' అన్న మాటకి రెండు అర్థాలున్నాయి. కొత్తవాళ్లని చేర్చుకోవడం ఆపేయడం ఒకటి, ఉన్నవాళ్లని కూడా తీసేయడం ఇంకొకటి. చాలాసార్లు జరిగేది మొదటిదే. మీ నాన్నగారితో పనిచేసిన స్నేహితుల్లో ఎవరికైనా ఇప్పటికీ ఆ ప్లాన్ బిల్లే వస్తుంటే, వాళ్లని అడిగి ఒక బిల్లు కాపీ తీసుకోండి. ఆ షాపులో అబద్ధం చెప్పకపోతే నాన్నగారు కూడా అదే ప్లాన్‌లో ఉండేవారని చూపించడానికి అంతకంటే బలమైన కాగితం లేదు.

ఆలస్యం మాత్రం చేయకండి. మాట్లాడకుండా కట్టే ప్రతి బిల్లూ 'ఒప్పుకున్నారు' అనడానికి వాళ్లకి ఆధారం అవుతుంది. అలాగని బిల్లు కట్టడం ఆపేయకండి. సర్వీసు ఆపేస్తారు, బాకీ ఉంటే పోర్ట్ కూడా కుదరదు. 'అభ్యంతరంతో కడుతున్నాను' అని ఒక మెయిల్ పెట్టి కట్టండి.

ఈరోజే కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి, డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదు సంఖ్య) తీసుకోండి. అది లేకుండా ముందుకు సాగదు. మూడు విషయాలు అడగండి: ప్లాన్ మార్పు ఏ షాపు లాగిన్ నుంచి జరిగింది, పాత ప్లాన్‌ని ఉన్న కస్టమర్లకు కూడా తీసేశారా, తీసేస్తే ఏ తేదీన. జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా 30 రోజుల్లోగా అదే కంపెనీలో అప్పీళ్లు చూసే అప్పిలేట్ అథారిటీకి వెళ్లవచ్చు. దానికి ఫీజు లేదు, 39 రోజుల్లో తేల్చాలి. చాలామంది నేరుగా ట్రాయ్‌కి రాసి నెలల తరబడి ఎదురుచూస్తారు. విడి కస్టమర్ల ఫిర్యాదుల్ని ట్రాయ్ విచారించదు.

అక్కడా పని కాకపోతే మన విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 'టెలికం కేసులు అక్కడ చెల్లవు' అని ఎవరైనా అంటే నమ్మకండి. 2009లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు వల్ల అలాంటి అభిప్రాయం ఉండేది. 2022 ఫిబ్రవరిలో వొడాఫోన్ ఐడియా కేసులో అదే కోర్టు, వినియోగదారుడు కమిషన్‌కి వెళ్లవచ్చని స్పష్టం చేసింది. కంపెనీ హెడ్డాఫీసు ఎక్కడున్నా మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేస్తే కొన్నిసార్లు కంపెనీ అక్కడే దిగివస్తుంది. నెలకు 350 చొప్పున అదనంగా పోయిన డబ్బు, దాని మీద పన్ను, పరిహారం, ఖర్చులు అడగండి. పాత ప్లాన్ తిరిగి ఇవ్వమని కూడా అడగండి. అయితే ప్లాన్ నిజంగానే అందరికీ ఎత్తేసి ఉంటే ఆ కోరిక నెరవేరుతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

పోర్ట్ సంగతి: ఇప్పుడే వద్దు. కంపెనీ మారితే పరిహారం అడిగే హక్కు పోదు గానీ, పాత ప్లాన్ మీద ఆశ అక్కడితో పోతుంది. అప్పీలు తేలాక చూడండి. ఒకవేళ ఈలోగా పోయిన లేదా పాడైన సిమ్ బదులు కొత్తది తీసుకుంటే, ఆ తర్వాత ఏడు రోజుల దాకా పోర్ట్ కావడానికి కావాల్సిన కోడ్ ఇవ్వరు. 2024 జులై 1 నుంచి ఈ నిబంధన ఉంది.

మీరు అడగలేదు గానీ ఒకటి చూసుకోండి. ఆ కౌంటర్‌లో ఆధార్ కాపీ గానీ వేలిముద్ర గానీ ఇచ్చి ఉంటే, కేంద్ర టెలికం శాఖ నడిపే సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో నాన్నగారి పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో చూడండి. తెలియని నంబరు కనిపిస్తే 'ఇది నాది కాదు' అని అక్కడే రిపోర్ట్ చేసి, ఆ పేజీ ప్రింట్ తీసి ఫిర్యాదు కాగితాలతో కలిపి ఉంచండి.